అల్లుడూ, ఎన్‌ఎఫ్‌ఎస్‌తోనే మొదలుపెట్టు

విజయవాడ

అల్లుడికి ఆశీస్సులు.

గుంటూరు కొత్తపేటలో మీ ఆస్పత్రికి వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే రెండు ప్రాక్స్‌మాక్స్ సర్వర్లు, వాటికి కలిపి ఒకే స్టోరేజ్ పెడుతున్నామని, నెట్‌వర్క్ మీద ఆ స్టోరేజ్‌ని సర్వర్లకి అందించడానికి ఐస్కజీ (iSCSI) మంచిదా ఎన్‌ఎఫ్‌ఎస్ (NFS) మంచిదా అని అడిగావు. నా మాట ఎన్‌ఎఫ్‌ఎస్. స్పీడ్ చూసి చెప్పడం లేదు. మీ 10 గిగాబిట్ లైన్ మీద ల్యాబ్ రిపోర్టులు, బిల్లింగ్ నడవడానికి రెండూ సరిపోతాయి. అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే అక్కడ ఉండేది నువ్వొక్కడివే, అదీ నా బెంగ.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ సిస్టమ్‌ని స్టోరేజ్ బాక్సే చూసుకుంటుంది. ప్రతి వీఎం డిస్కూ నీకు ఒక ఫైలుగా కనిపిస్తుంది. కాపీ చేసుకోవచ్చు, వేరే మెషీన్‌లో పెట్టి లేపుకోవచ్చు. ఆ ఫైలు క్యూకౌ2 (qcow2) ఫార్మాట్ అయితే స్నాప్‌షాట్లూ వస్తాయి, అంటే డిస్కు ఆ క్షణానికి ఎలా ఉందో దాచి, తర్వాత అక్కడికి వెనక్కి వెళ్లొచ్చు. ఐస్కజీలో బాక్స్ ఇచ్చేది ఉత్త బ్లాకులే (ఫైల్ సిస్టమ్ లేని డిస్కు జాగా), ఎక్కడ ఏముందో గుర్తుపెట్టుకునే పని సర్వర్లది. ఒకే లన్ (బాక్స్ ఇచ్చే ఆ డిస్కు) మీద ఈఎక్స్‌టీ4 లాంటి మామూలు ఫైల్ సిస్టమ్ వేసి రెండు సర్వర్లలోనూ మౌంట్ చేశావంటే ఒకటి రాసింది రెండోదానికి తెలియదు, డేటా మొత్తం పాడైపోతుంది. ఆ పని ఎప్పుడూ చేయకు. వీఎంవేర్ వాళ్లకి చాలా సర్వర్లు ఒకేసారి వాడుకోగల వీఎంఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్నది ఇందుకే. ప్రాక్స్‌మాక్స్‌లో ఆ లన్‌ని వీఎంలకి ముక్కలుగా పంచే ఎల్‌వీఎం వేసుకోవాలి, 9వ వెర్షన్‌కి ముందు దాని మీద స్నాప్‌షాట్లు లేవు.

ఇంకో సంగతి గట్టిగా చెబుతున్నాను. ఎన్‌ఎఫ్‌ఎస్ నెమ్మదిగా ఉందంటే, ఎక్స్‌పోర్ట్‌లో (బాక్స్ తన ఫోల్డర్‌ని సర్వర్లకి పంచే సెట్టింగ్‌లో) సింక్ తీసేసి అసింక్ పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. అలా పెడితే డిస్కు మీద పడకముందే రాసేశానని బాక్స్ చెప్పేస్తుంది. మే నెల గాలివానకి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, సేవ్ అయిందనుకున్న పేషెంట్ రిపోర్టు ఉండదు. డేటాబేస్ కూడా దెబ్బతినొచ్చు. అంత నెమ్మదిగా ఉంటే కరెంటు పోయినా డేటా నిలబెట్టే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలు కొనిపించు. మేనేజ్‌మెంట్ ఎంత బేరమాడినా ఇక్కడ తగ్గకు.

రేపు ఐస్కజీ తప్పనిసరైతే రెండు స్విచ్‌లు, రెండు వేర్వేరు సబ్‌నెట్లు పెట్టి మల్టీపాత్ చెయ్యి, ఒక దారి తెగినా రెండోది నడుస్తుంది. జంబో ఫ్రేమ్‌లు (పెద్ద నెట్‌వర్క్ ప్యాకెట్లు) వాడితే సర్వర్, స్విచ్, బాక్స్ అన్నిచోట్లా ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు, 9000 బైట్లు ఉండాలి. ఒక్కచోట 1500 మిగిలినా చిన్న పింగ్ బాగానే వెళుతుంది, అసలు డేటా దగ్గర వేలాడుతుంది. దానితో రోజంతా టెన్షన్.

పేషెంట్ల డేటా ఎక్కించక ముందే ఒక టెస్ట్ వీఎంలో డేటా రాస్తుండగా కేబుల్ పీకి చూడు, తర్వాత బాక్స్ పవర్ తీసి చూడు. వీఎం ఎంతసేపు ఆగింది, లాగ్‌లో ఏమొచ్చింది రాసిపెట్టుకో. ఆదివారం బెజవాడ వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా, కలిసి చూద్దాం.

మామయ్య