ఒరెగాన్ తీరంలో ఆర్‌వీ, జియోకాషింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 64, మా ఆవిడకు 62. ఉద్యోగ విరమణ అయిపోయింది, గ్రీన్ కార్డు ఉంది, పోర్ట్‌లాండ్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాం. జులైలో ఆర్‌వీ (పడక, వంటగది, బాత్రూమ్ ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని ఆస్టోరియా నుంచి బ్రూకింగ్స్ దాకా జియోకాష్‌లు వెతుక్కుంటూ వెళ్లాలని ఉంది. వారం సరిపోతుందా? ఎంత బండి తీసుకోవాలి?

జవాబు: వారం చాలదండీ. 101వ నంబరు హైవే మీద ఒరెగాన్ తీరం సుమారు 360 మైళ్లు. కారులో రెండు రోజుల్లో దాటేయొచ్చు. కానీ జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను అక్షాంశ రేఖాంశాల సాయంతో వెతికి పట్టుకుని, అందులోని లాగ్‌బుక్‌లో పేరు రాసి, ఉన్నచోటే మళ్లీ పెట్టి రావడం. నడక, వెతుకులాట కలిపితే ఒక్కోదానికి గంట హాయిగా గడిచిపోతుంది. పన్నెండు రోజులైనా పెట్టుకోండి.

రోజుకో మకాం మాత్రం వద్దు. ఆర్‌వీ కదిలిందంటే నీళ్ల గొట్టం, కరెంటు తీగ, మురుగు గొట్టం విప్పి చుట్టాలి, గిన్నెలన్నీ కదలకుండా సర్దాలి, అవతల మళ్లీ అన్నీ బిగించాలి. ఇక్కడో గంట, అక్కడో గంట. నాలుగు మకాములు చాలు: ఆస్టోరియా పక్కన ఫోర్ట్ స్టీవెన్స్, న్యూపోర్ట్ దగ్గర సౌత్ బీచ్, ఫ్లోరెన్స్ దిగువన హనీమన్, చివర బ్రూకింగ్స్‌లో హారిస్ బీచ్. నాలుగూ స్టేట్ పార్కులే, రిజర్వేషన్ ఆరు నెలల ముందు తెరుస్తారు. జులై 10న దిగాలంటే జనవరి 10 ఉదయమే కూర్చుని బుక్ చేసుకోండి. వేసవిలో కరెంటు, నీళ్లు ఉన్న స్థలాలు ఖాళీగా దొరకవు.

ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లాలన్న మీ ఆలోచన మంచిది. సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. ఎదురుగా వచ్చే బళ్లను దాటి ఎడమకు తిరిగే పని లేకుండా వ్యూపాయింట్లలోకి నేరుగా దిగొచ్చు. వేసవిలో వీచే వాయవ్య గాలి కూడా వెనకనుంచే తోస్తుంది.

బండి 24, 25 అడుగుల క్లాస్ సి (డ్రైవరు సీటు పైన పడక ఉండే మధ్యరకం ఆర్‌వీ) సరిపోతుంది. అంతకు మించితే చాలా వ్యూపాయింట్లలో నిలపడానికి చోటుండదు. వెనక చక్రాల తరవాత బండి ఇంకా ఏడెనిమిది అడుగులు ఉంటుందని మరవద్దు. మీరు కుడికి తిప్పితే తోక ఎడమకు ఊగుతుంది. పెట్రోలు బంకుల దగ్గర స్తంభాలకు బండి గీసుకునేది అందువల్లే. స్టీరింగు కొద్దికొద్దిగా తిప్పుతూ, బండి సగం ముందుకు వచ్చాకే పూర్తిగా తిప్పాలి. బండి ఎత్తు కాగితం మీద రాసి డాష్‌బోర్డుకు అంటించుకోండి.

మీ ఇద్దరికీ 62 నిండాయి, గ్రీన్ కార్డుంది కాబట్టి ఫెడరల్ సీనియర్ పాస్ (కేంద్ర ప్రభుత్వ పార్కుల్లోకి పెద్దవాళ్లకిచ్చే ప్రవేశ పాస్) తీసుకోండి. జీవితకాలానికి 80 డాలర్లు. యాక్వినా హెడ్ లైట్‌హౌస్, కేప్ పెర్పెచువా లాంటి ఫెడరల్ స్థలాల్లో చెల్లుతుంది, స్టేట్ పార్కుల్లో చెల్లదు. టూరిస్టు వీసా మీద వచ్చిన బంధువులు ఈ పాస్ కొనలేరు. కానీ మీ బండిలో మీతో వస్తే, బండికి ఇంతని రుసుము తీసుకునే చోట మీ పాసే వాళ్లకూ సరిపోతుంది.

ప్రశ్న: జియోకాషింగ్ వెబ్‌సైట్లో డబ్బాకు ఇచ్చిన అంకెలే ఫోన్ మ్యాపులో కొట్టాను. ఊరికి ఎనిమిది మైళ్ల అవతల ఎవరి పొలంలోకో తీసుకెళ్లింది. అంకెలు తప్పా?

జవాబు: అంకెలు ఒప్పే, రాసే పద్ధతి వేరు. జియోకాషింగ్‌లో డిగ్రీలు, ఆ తరవాత దశాంశాలతో నిమిషాలు రాస్తారు. పోర్ట్‌లాండ్ దగ్గర బీవర్‌క్రీక్ అడవిలో ఉన్న స్థలాన్నే చూడండి. పౌరుల జీపీఎస్‌లో కావాలని పెట్టిన పొరపాటును అమెరికా ప్రభుత్వం 2000 మేలో తీసేసింది. ఆ వెంటనే, మే 3న, జీపీఎస్ ఔత్సాహికుడు డేవ్ ఉల్మర్ ఇక్కడే మొట్టమొదటి డబ్బా దాచారు. ఇప్పుడు అక్కడ ఓ స్మారక ఫలకం ఉంది. దాని స్థానం ఉత్తరం 45° 17.460, పశ్చిమం 122° 24.800.

దీన్ని 45.17460 అని కొడితే దాదాపు 13 కిలోమీటర్లు దక్షిణానికి పోతారు. నిమిషాలను 60తో భాగించాలి: 17.460 ÷ 60 = 0.291, అంటే 45.291. అలాగే 24.800 ÷ 60 = 0.41333, అంటే 122.41333. పశ్చిమం కాబట్టి ముందు మైనస్ తప్పనిసరి. మన దేశంలో రేఖాంశం తూర్పు కావడంతో మైనస్ అలవాటుండదు. అది మరిచారా, మ్యాపు ఈశాన్య చైనా చూపిస్తుంది. జియోకాషింగ్ యాప్‌లోనే తెరిస్తే ఈ లెక్క దానంతటదే జరిగిపోతుంది.

ఇంకో సంగతి. తీరం వెంట స్ప్రూస్ చెట్లు దట్టం. కొమ్మల కింద, కొండ అంచుల పక్కన జీపీఎస్ పది మీటర్ల దాకా తప్పు చూపొచ్చు. పది మీటర్ల లోపలికి వచ్చాక ఫోన్ జేబులో పెట్టేసి కళ్లతో వెతకండి: మోడుల తొర్రలు, వేర్ల సందులు, సహజంగా పడని పద్ధతిలో పేర్చి ఉన్న పుల్లలు. ఇక్కడి తేమకు లాగ్‌కాగితం మెత్తబడి ఉంటుంది. బాల్‌పెన్ను దాని మీద జారుతుందేగాని గీత పడదు. పెన్సిల్ తీసుకెళ్లండి. వేలి గోరంత డబ్బాల్లోంచి కాగితం చుట్ట లాగడానికి చిన్న పట్టకారు, తడిసినదాని బదులు పెట్టడానికి నాలుగు పొడి కాగితాలు కూడా ఉంచుకోండి. దక్షిణ భాగంలో, బ్రూకింగ్స్ వైపు, మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ పొదల్లో చేయి పెట్టొద్దు, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అక్కడ చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపులు ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి.

ప్రశ్న: ఇండక్షన్ స్టవ్ పెట్టగానే ఆర్‌వీలో కరెంటు పోతోంది. ఇండియా మిక్సీ తిరగనంటోంది. పైగా మూడో రోజుకే బాత్రూమ్ వాసన. ఏం చేయాలి?

జవాబు: 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు. గది హీటర్ 1,500, ఇండక్షన్ ఎక్కువ మంట మీద 1,800, దానికి తోడు టీ కెటిల్ 1,500 అంటే పరిమితి దాటిపోయింది. ఈ మూడింట్లో రెండు ఒకే ప్లగ్గుల లైన్ మీద ఉన్నా బండి లోపలి బ్రేకర్ పడిపోతుంది. వంట చేసేటప్పుడు హీటర్ ఆపండి, లేదా బండిలో ఉన్న గ్యాస్ పొయ్యి వాడండి.

మిక్సీ మాత్రం పెట్టొద్దు. 230 వోల్టుల మోటారుకు 120 ఇస్తే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. మినప్పిండి బరువుకు ఆగిపోయి లోపలి వైండింగ్ కాలిపోతుంది. అమెరికాలో అమ్మే 110 వోల్టుల మిక్సీ కొనండి, లేదంటే పిండి ఇంట్లోనే రుబ్బి ఫ్రిజ్‌లో తీసుకెళ్లండి.

వాసనకు కారణం దాదాపుగా ఒకటే. మకాం వేయగానే టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచి వదిలేస్తారు. నీళ్లు జారిపోయి, మలం మాత్రం అడుగున గుట్టగా గట్టిపడుతుంది. వాల్వు మూసే ఉంచి, ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాకే వదలాలి. ముందు బ్లాక్, తరవాత సింకు, స్నానాల నీళ్లు చేరే గ్రే ట్యాంకు. ఆ సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఖాళీ అయ్యాక బ్లాక్ ట్యాంకులో రెండు మూడు బకెట్ల మంచినీళ్లు పోసి, ట్యాంకు మందు వేసి అలాగే ఉంచండి. అన్నం, పోపు గింజలు, నూనె సింకులోకి పోనివ్వొద్దు. గ్రే ట్యాంకు వాసన అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: డబ్బాలో లడ్డూ పెట్టొచ్చా?

జవాబు: వద్దు. తినేది ఏదున్నా రకూన్లు డబ్బాను కొరికేస్తాయి. రూపాయి నాణెం, చిన్న కొండపల్లి బొమ్మ పెట్టండి. డబ్బాలోంచి మీరేదైనా వస్తువు తీసుకుంటే, బదులు పెట్టేది దాని విలువకు తగ్గకుండా ఉంటే చాలు.

ప్రశ్న: ఒక డబ్బా సముద్రం ఒడ్డున రాళ్ల వైపు ఉంది. మోకాళ్ల నొప్పులున్నాయి. వెళ్లొచ్చా?

జవాబు: ముందు వెబ్‌సైట్లో ఆ డబ్బా పేజీలో టెరైన్ అంకె (దారి ఎంత కష్టమో చెప్పేది) చూడండి. 1 అంటే చక్రాల కుర్చీ పోయే దారి, 5 అంటే ప్రత్యేక సామగ్రి కావాలి. మోకాళ్లు బాగా లేనివాళ్లు 2 దాటొద్దు. ఎర్త్‌కాష్‌లు అనే రకం కూడా చూడండి. డబ్బా ఉండదు, రాళ్లను చూసి ప్రశ్నలకు జవాబు రాయడమే.

తరవాత పోటుపాట్ల పట్టిక. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, కానీ రెండూ సమానంగా ఉండవు. మన విశాఖ కన్నా నీటిమట్టం తేడా బాగా ఎక్కువ. రెండింట్లో తక్కువ పాటు చూసుకుని, దానికి గంటన్నర ముందు దిగండి. నీరు తిరిగి ఎక్కడం మొదలవగానే, డబ్బా దొరికినా దొరక్కపోయినా, పైకి వచ్చేయండి. వేసవిలో బాగా తక్కువ పాట్లు తెల్లవారుజామున వస్తాయి, అందుకని రాత్రే సిద్ధం చేసుకుని పడుకోండి.

సముద్రానికి వీపు పెట్టి రాళ్ల సందులో వెతకొద్దు. స్నీకర్ వేవ్ అనే పెద్ద అల హెచ్చరిక లేకుండా మామూలు అలల కన్నా చాలా పైకి వస్తుంది. ఒకరు వెతుకుతుంటే రెండోవారు నీళ్ల వైపు చూస్తూ నిలబడాలి. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద కూర్చోవద్దు, ఎక్కొద్దు. కొద్ది అంగుళాల నీళ్లు చాలు, టన్నుల బరువున్న దుంగ కూడా దొర్లిపోతుంది.