మిల్టన్ తుపాను తర్వాత స్విమ్మింగ్ పూల్: 41,000 డాలర్ల కొటేషన్‌కి 401(కె) రిటైర్మెంట్ డబ్బు తీయాలా?

ప్రశ్న (2025 మొదట్లో వచ్చింది): మేము ఫ్లోరిడాలో టాంపాకి ఉత్తరాన వెస్లీ చాపెల్‌లో ఉంటాం. ఇల్లు 2016లో కొన్నాం, పూల్ మాత్రం 2012లో కట్టింది. 2024 అక్టోబర్ 9న మిల్టన్ హరికేన్ గాలికి పూల్ మీది స్క్రీన్ కేజ్ (అల్యూమినియం చట్రానికి జాలీ బిగించిన గూడు) కూలి పంపు, హీటర్, కంట్రోల్ ప్యానెల్ మీద పడింది. పూల్ చుట్టూ ఉన్న డెక్ ఒక పక్క పగిలింది, వెనకవైపు కప్పు కొంత దెబ్బతింది. ఇన్సూరెన్స్ వాళ్లు కేజ్‌కి కవరేజీ లేదన్నారు. మిగతా నష్టం 18,000 డాలర్లని లెక్కగట్టి, తరుగుదల 2,600, డిడక్టిబుల్ (ముందుగా మేమే భరించాల్సిన వాటా) 8,000 తీసేసి 7,400కి చెక్కు పంపారు. అందులో 4,500 కప్పు రిపేరుకే పోయింది. పూల్ ఇప్పటికీ పాచి పట్టి పచ్చగా ఉంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) నోటీసు కూడా వచ్చింది. ఒక కాంట్రాక్టర్ మొత్తం పనికి 41,000 అడుగుతున్నాడు: కేజ్ 19,000, సామాన్లు 7,500, లోపలి ప్లాస్టర్ కొత్తగా వేయడానికి 9,000, డెక్ 4,000, నీళ్లు శుభ్రం చేయడానికి 1,500. సగం ముందే ఇవ్వాలట. డిడక్టిబుల్ సంగతి తను చూసుకుంటానంటున్నాడు. మా దగ్గర పొదుపు 34,000, నెల ఖర్చు 6,500. మావారు హెచ్‌-1బి మీద ఉన్నారు. జూన్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు, ఆ లోపు అంతా బాగు చేయించాలని ఆయన పట్టుదల. రిటైర్మెంట్‌కి ముందే తీస్తే పడే పెనాల్టీ తుపాను బాధితులకు లేదు కాబట్టి 401(కె) నుంచి 22,000 తీద్దామంటున్నారు. డాలస్‌లో ఉండే మా బావగారేమో పూల్ పూడ్చేయమంటున్నారు. పిల్లలకి ఎనిమిదేళ్లు, మూడేళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ కొటేషన్‌ని ఒకే బిల్లుగా చూడటం వల్లే మీకు ఇంత టెన్షన్. అందులో ఈ నెలే చేయాల్సిన పని ఉంది, వచ్చే ఏడాది చేసుకున్నా నష్టం లేని పని ఉంది, అసలు తుపానుతో సంబంధమే లేని పని కూడా ఉంది. వాటిని విడదీస్తే 401(కె) జోలికి వెళ్లక్కర్లేదు. ముందు ఇన్సూరెన్స్ దగ్గర మీకు ఇంకా రావాల్సిన డబ్బు సంగతి చూద్దాం.

మిల్టన్‌కి రెండు వారాల ముందు, సెప్టెంబర్ 26న, హెలీన్ తుపాను వచ్చింది కదా. దానికి మీ ఇంటికేమైనా నష్టం జరిగిందా అని మిమ్మల్ని అడిగితే, కప్పు మీది షింగిల్స్ ఊడి, గ్యారేజ్ డోర్ వంగి 3,200 ఖర్చయిందని, డిడక్టిబుల్‌లోపే కదా అని క్లెయిమ్ చేయలేదని రాశారు. ఆ బిల్లులు పారేయలేదు కదా? ఫ్లోరిడా చట్టం ప్రకారం హరికేన్ డిడక్టిబుల్ తుపానుకొకటి కాదు, క్యాలెండర్ సంవత్సరానికి ఒకటి. మీ ఇంటి కవరేజీ 4 లక్షలు, డిడక్టిబుల్ 2 శాతం, అంటే 8,000. రెండు తుపాన్లకూ కంపెనీ ఒకటే అయితే, మొదటి దాంట్లో మీరు భరించిన కవరేజీ ఉన్న నష్టాన్ని ఆ 8,000లో జమ కట్టాలి. రెండో తుపానుకి మిగిలిన డిడక్టిబుల్, లేదా పాలసీలో మామూలు నష్టాలకి ఉండే డిడక్టిబుల్, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అదే కోయాలి. మీ లెక్కలో అది 4,800. వాళ్లు పూర్తి 8,000 కోశారు, ఎందుకంటే హెలీన్ నష్టం గురించి మీరు చెప్పలేదు. హెలీన్ నష్టాన్ని కంపెనీకి తెలియజేయడానికి చట్టం ఇచ్చిన గడువు ఏడాది, అంటే 2025 సెప్టెంబర్ దాకా. మిల్టన్ మీద సప్లిమెంటల్ క్లెయిమ్‌కి (అదే నష్టానికి అదనంగా అడగడానికి) 18 నెలలు, అంటే 2026 ఏప్రిల్ దాకా. గడువుందని ఆగకండి. ఈ వారమే బిల్లులు, ఫొటోలు, బ్యాంకు చెల్లింపుల వివరాలు జతచేసి రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

తరుగుదల కింద ఆపిన 2,600 సంగతి కూడా ఉంది. రిపేరు అయ్యాక బిల్లు చూపిస్తే ఇంటి భాగాలకి కోసిన తరుగుదల సాధారణంగా తిరిగి ఇస్తారు. పూల్ సామాన్లు, డెక్ లాంటి విడి నిర్మాణాలకి చాలా పాలసీల్లో ఇవ్వరు. మీరు పంపిన అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ మనిషి) కాగితంలో కప్పు కింద కోసింది 1,700. కప్పు పని అయిపోయింది కాబట్టి ఆ బిల్లు కూడా ఇప్పుడే పంపండి. డిడక్టిబుల్‌లో ఎక్కువ కోసిన 3,200, ఈ 1,700, రెండూ కలిపితే మీకు రావాల్సింది 4,900. (మీకు ఫ్లడ్ పాలసీ ఉందేమో, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఫెడరల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్ స్విమ్మింగ్ పూల్‌కి గానీ దాని పంపులకి గానీ పైసా ఇవ్వదు.)

ఇప్పుడు కొటేషన్. అందులో లేనిదే నాకు అన్నిటికంటే అర్జెంటుగా కనిపిస్తోంది. మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఇన్నాళ్లూ పూల్ చుట్టూ అడ్డుగా ఉన్నది ఆ కేజే. అది పోయాక ఇంటి వెనక తలుపు తీస్తే నేరుగా నీళ్లే. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్లలో మునిగిపోవడం. పచ్చటి నీళ్లలో అడుగు కనిపించదు, అది ఇంకా ప్రమాదం. పక్కింటి పిల్లాడు వచ్చి పడినా బాధ్యత మీదే అవుతుంది. 2000 అక్టోబర్ తర్వాత కట్టిన ఇళ్ల పూల్స్‌కి ఏదో ఒక రక్షణ ఏర్పాటు ఉండాలని ఫ్లోరిడా చట్టం కూడా చెబుతోంది. కానీ అడ్డు కావాలంటే 19,000 పెట్టి కేజే కట్టించనక్కర్లేదు. నాలుగడుగుల ఎత్తు మెష్ ఫెన్స్, దానంతటదే మూసుకునే గేటుతో, రెండు మూడు వేల డాలర్లలో అవుతుంది. నేను 2,500 వేసుకున్నాను. మొదటి చెక్కు దానికే రాయండి.

రెండోది నీళ్లు, మోటారు. కాంట్రాక్టర్ "నీళ్లన్నీ తోడేసి మొదలుపెడదాం" అంటే ఒప్పుకోవద్దు. మీ ప్రాంతంలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. ఖాళీ చేసిన తొట్టిని కిందనుంచి నీళ్లు పైకి నెట్టి, మొత్తం పూల్‌నే నేలలోంచి లేపేసిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు 41,000 కాదు, దాన్ని మించిన బిల్లు చూస్తారు. పచ్చనీళ్లకి తోడటం సాధారణంగా అక్కర్లేదు. ఆకులు, చెత్త వలతో తీసి, క్లోరిన్ ఎక్కువ మోతాదులో వేసి, గోడలు బ్రష్ చేసి, ఫిల్టర్‌ని రాత్రింబవళ్లు నడిపితే కొన్ని రోజుల్లో తేటపడతాయి. నీళ్లు పరీక్ష చేయించినప్పుడు స్టెబిలైజర్ (క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడే రసాయనం) మరీ ఎక్కువని తేలితే కొంత నీళ్లు మాత్రం మార్చాలి. ఈ పనికి 1,500 సబబే. అయితే పంపు స్విచ్ వేసే ముందు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వైరింగ్, గ్రౌండింగ్, బ్రేకర్ చూడాల్సిందే. కేజ్ కూలి మీద పడిన ప్యానెల్ అది.

సామాన్ల 7,500లో హీటర్ వాటా 3,000. దాన్ని కొట్టేయండి. జూన్‌లో టాంపాలో నీళ్లు వేడి చేసుకునే అవసరం ఎవరికీ రాదు, మామయ్యగారికైనా సరే. డిసెంబర్‌లో కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం. పంపు, ఫిల్టర్, ప్యానెల్ 4,500.

అంటే ఇప్పుడు పెట్టాల్సింది ఫెన్స్ 2,500, శుభ్రం చేయడం 1,500, సామాన్లు 4,500, మొత్తం 8,500. చెక్కులో మిగిలిన 2,900 పోతే మీ పొదుపులోంచి 5,600. పొదుపు 28,400కి దిగుతుంది, ఇన్సూరెన్స్ నుంచి 4,900 వస్తే మళ్లీ 33,300కి చేరుతుంది. పిల్లలు మేలో ఈత కొట్టొచ్చు. డెక్ పగులు నడిచే దారిలో ఉంటే అంతవరకు ఇప్పుడే అతికించండి, పక్కన ఉంటే ఆగొచ్చు.

ప్లాస్టర్‌కి 9,000 అన్నది తుపాను నష్టం కాదు, వయసు. పన్నెండు పదమూడేళ్ల ప్లాస్టర్‌కి మరకలు, గరుకు రావడం మామూలే. దాన్ని క్లెయిమ్‌లో కలపాలని కాంట్రాక్టర్ అంటే వద్దని గట్టిగా చెప్పండి. ఎలాగూ ఆ పనికి నీళ్లు తోడాలి కాబట్టి వానలు తగ్గి భూగర్భజలం దిగే చలికాలంలోనే చేయించాలి. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో.

కేజ్ సౌకర్యమే, కాదనను. దోమలు, ఆకులు, ఎండ, అన్నిటికీ పనికొస్తుంది. కానీ జూన్ 1న మళ్లీ హరికేన్ సీజన్ మొదలవుతుంది. కవరేజీ లేని 19,000 డాలర్ల అల్యూమినియం చట్రాన్ని సరిగ్గా ఆ వారంలో నిలబెట్టడానికి రిటైర్మెంట్ డబ్బు తీయడం నాకు నచ్చలేదు. నవంబర్ దాకా ఆగి, కనీసం మూడు కొటేషన్లు తీసుకుని అప్పుడు కట్టించండి. ఈలోగా నెలకి 1,500 పక్కన పెట్టగలిగితే సగానికి పైగా చేతిలో ఉంటుంది.

మీవారు చెప్పిన 22,000 సంగతి నిజమే. సెక్యూర్ 2.0 చట్టం ప్రకారం ఫెడరల్ విపత్తుగా ప్రకటించిన చోట ఇల్లున్నవాళ్లు నష్టపోతే 10 శాతం పెనాల్టీ లేకుండా తీయొచ్చు, పన్నుని మూడేళ్లకి సర్దుకోవచ్చు, మూడేళ్లలో తిరిగి కట్టేస్తే పన్ను కూడా వెనక్కి వస్తుంది. మీ కంపెనీ ప్లాన్ ఒప్పుకోవాలి. మిల్టన్‌కి అలా తీయడానికి గడువు 2025 ఏప్రిల్ రెండో వారం దాకానే, ఆయన తొందర బహుశా అందుకే. కానీ పెనాల్టీ లేదంటే పన్ను లేదని కాదు. తిరిగి కట్టకపోతే 22 శాతం బ్రాకెట్‌లో 4,840 పోతుంది. 401(కె) లోన్ అయితే పన్ను లేదు గానీ ఉద్యోగం పోతే మిగిలిన బాకీ త్వరగా కట్టాల్సి వస్తుంది. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో వేరే ఉద్యోగం వెతకాలా, లోన్ బాకీ గురించి ఆలోచించాలా? మీ కుటుంబానికి నాలుగు నెలల ఖర్చు, అంటే 26,000, బ్యాంకులో కదలకుండా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంటి మీద హెలాక్ (ఇల్లు పూచీగా తీసుకునే అప్పు) తీసుకుందామన్నా ప్రైమ్ రేటే (బ్యాంకుల మూల వడ్డీ రేటు) 2025 మొదట్లో 7.5 శాతం, దాని మీద బ్యాంకు మార్జిన్. ఇప్పుడు దాని అవసరమూ లేదు.

టాక్స్ రిటర్న్ ఇంకా వేయలేదన్నారు, మంచిదే. ఫ్లోరిడా వాళ్లకి ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) 2025 మే 1 దాకా గడువిచ్చింది. ఇన్సూరెన్స్ ఇవ్వని తుపాను నష్టాన్ని ఫారం 4684లో చూపొచ్చు. 2024 డిసెంబర్‌లో వచ్చిన చట్టం వల్ల మిల్టన్ లాంటి విపత్తులకి నష్టం ఆదాయంలో 10 శాతం దాటితేనే మినహాయింపు అన్న నిబంధన లేదు. 500 డాలర్లు మాత్రం తీసేస్తారు, స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నవాళ్లకీ వర్తిస్తుంది. ఉదాహరణకి 20,000 నష్టం నిలిస్తే 19,500 మీద 22 శాతం, 4,290 పన్ను తగ్గుతుంది. కేజ్ ఇప్పుడే కట్టకపోయినా, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ ఐటమ్ వారీగా రాసి ఇద్దరూ సంతకం చేసిన కాంట్రాక్టుతో నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి ఉంది. ఇన్సూరెన్స్ నుంచి రావాల్సిన 4,900ని, ప్లాస్టర్‌ని అందులో కలపకూడదు. దీన్ని సాఫ్ట్‌వేర్‌లో మీరే వేసుకోకుండా ఈ ఒక్క ఏడాదికి సీపీఏకి (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌కి) ఇవ్వండి.

ఇక ఆ కాంట్రాక్టర్. డిడక్టిబుల్ తను చూసుకుంటానన్నాడంటే బిల్లు పెంచి చూపిస్తాడని అర్థం. ఫ్లోరిడాలో అది నేరం, ఆ కాగితం మీద మీ సంతకం కూడా ఉంటుంది. నేనైతే ఆ ఒక్క మాటకే అతన్ని వదిలేస్తాను. వేరేవాళ్లని పిలిచినప్పుడు లైసెన్స్ నంబర్‌ని రాష్ట్ర ప్రభుత్వ డీబీపీఆర్ (లైసెన్సులిచ్చే శాఖ) వెబ్‌సైట్‌లో చూసుకోండి. అడ్వాన్స్ 10 శాతం మించొద్దు. మించి తీసుకున్న కాంట్రాక్టర్ 30 రోజుల్లో పర్మిట్‌కి దరఖాస్తు చేయాలని చట్టం ఉంది గానీ, డబ్బు ఇచ్చేశాక చట్టం వెంట పడటం కష్టం. పని దశల వారీగా అయ్యే కొద్దీ చెల్లించి, ప్రతిసారీ లియన్ రిలీజ్ (బాకీ కింద మీ ఇంటి మీద హక్కు వదులుకున్నట్టు రాసిచ్చే) కాగితం తీసుకోండి. ఎందుకంటే మీరు మెయిన్ కాంట్రాక్టర్‌కి పూర్తిగా కట్టినా, అతను అల్యూమినియం సప్లయర్‌కి ఎగ్గొడితే ఆ సప్లయర్ మీ ఇంటి మీద లియన్ వేయొచ్చు.

బావగారి మాట తోసేయాల్సిందేమీ కాదు. పిల్లలు పెద్దయ్యాక ఏడాదికి నాలుగుసార్లు కూడా దిగకపోతే పూడ్చడమే లాభం కావచ్చు. కానీ దానికీ పర్మిట్ కావాలి, ఖర్చు ఉంది, ఇల్లు అమ్మేటప్పుడు చెప్పాలి. ప్లాస్టర్‌కి 9,000 పెట్టాల్సిన రోజు వచ్చినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ వేసుకోండి.

హెచ్‌ఓఏకి ఈ వారమే ఈమెయిల్ ఇవ్వండి: ఫెన్స్ ఫలానా తేదీకి, నీళ్లు ఫలానా తేదీకి, కేజ్ నవంబర్ తర్వాత అని. ఫ్లోరిడాలో జరిమానా వేయాలంటే వాళ్లు 14 రోజుల నోటీసిచ్చి, మీ వాదన వినాలి. తేదీలు రాసి ఇస్తే చాలా సంఘాలు అంతదాకా వెళ్లవు.

పాలసీ రెన్యువల్ ఆగస్టులో అన్నారు. కేజ్‌కి కవరేజీ విడిగా ఎంతవుతుందో ఇప్పుడే ఏజెంటుని అడగండి. గల్ఫ్‌లో తుపాను పేరు వినిపించాక అడిగితే కంపెనీలు కొత్త కవరేజీ ఇవ్వడం ఆపేస్తాయి. 19,000 కేజ్‌కి ఏడాదికి మూడు నాలుగు వందలైతే తీసుకోండి. వెయ్యి దాటితే వద్దు. డిడక్టిబుల్ ఎలాగూ 8,000 ఉంది కాబట్టి, ఆ వెయ్యిని ఏటా మీ పొదుపులోనే వేసుకోండి.