తెర మీది దేవదాసు, పుటల్లోని దేవదాసు

ప్రశ్న: సినిమా ఎన్నోసార్లు చూసిన తరువాత, ఈ మధ్యనే బెంగాలీ రచయిత శరత్‌బాబు (శరత్‌చంద్ర చటోపాధ్యాయ) ‘దేవదాసు’ నవలను తెలుగులో చదివాను. ప్రతి పుటలోనూ అక్కినేని, సావిత్రి కనిపించారే తప్ప శరత్ సృష్టించిన మనుషులు కనిపించలేదు. సినిమా ముందుగా చూసి నవలకు అన్యాయం చేశానా? — ఒక పాఠకురాలు

జవాబు: ముఖాల గురించి మీరు అంతగా బాధపడనక్కరలేదు. ఏదో ఒక ముఖాన్ని ఊహించుకోకుండా ఎవరూ నవల చదవరు. ఆ ముఖం సావిత్రిది అయినంత మాత్రాన పార్వతికి వచ్చే లోటేమీ లేదు. సినిమా మన చూపును మార్చేది అంతకంటే లోతైన చోట, కథ చెబుతున్న రచయిత గొంతు వినిపించకుండా పోయే చోట.

1917లో అచ్చయిన ఆ నవల చివర శరత్ నేరుగా పాఠకులతో మాట్లాడతాడు. దేవదాసును దురదృష్టవంతుడంటాడు, నిగ్రహం లేనివాడంటాడు, పాపి అని కూడా అంటాడు. అటువంటివాడు తారసపడితే అతని కోసం కాస్త ప్రార్థించమని, చావు ఎవరికైనా తప్పదు గాని ఆ వేళ ప్రేమగల చేయి ఒక్కటైనా నుదుటిని తాకని దుర్గతి మాత్రం ఎవరికీ పట్టకూడదని కోరుకుంటాడు. ఇందులో జాలి నిండుగా ఉంది, మెచ్చుకోలు లేదు. పార్వతి నుదుట గాయం చేసినవాడు, పెద్దల మాట కాదనలేక ఆమెను దూరం చేసుకుని ఆ తరువాత పశ్చాత్తాపపడినవాడు ఎవరో ఆ రచయిత మరచిపోలేదు.

తెర మీద ఈ గొంతుకు చోటు దొరకడం కష్టం. నటుడి ముఖం దగ్గరగా కనిపిస్తూ, వెనుక పాట వినిపిస్తూ ఉంటే ప్రేక్షకుడు తీర్పు చెప్పడం మాని ఆ మనిషితో పాటు కన్నీరు పెడతాడు. 1935లో ప్రమథేశ్ బారువా తీసిన బెంగాలీ చిత్రం, 1953 నాటి మన చిత్రం, 2002 నాటి హిందీ చిత్రం దేని దారి దానిదే అయినా, ఒక బలహీనుడి కథ ప్రేమకు బలైపోయిన నాయకుడి కథగా జనం మనసులో స్థిరపడడానికి అన్నీ తోడ్పడ్డాయి. హిందీ చిత్రంలోనైతే, నవలలో ఒకరినొకరు ఎన్నడూ కలుసుకోని పార్వతి, చంద్రముఖి కలిసి నాట్యం కూడా చేశారు. కాబట్టి మీరు ఆ చివరి పేరాను మరొక్కసారి, నింపాదిగా చదవండి. అక్కడ అక్కినేని ముఖం అడ్డురాదు, ఎందుకంటే అక్కడ మాట్లాడుతున్నది శరత్.

ఇది ప్రేమకథలకే పరిమితం కాదు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలోని వికృతజీవి ఆంగ్లకవి మిల్టన్‌నూ, ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్‌నూ చదువుకుంటుంది, తన ఒంటరితనాన్ని తానే అనేక పుటలలో వాదించి చెప్పుకుంటుంది. 1931 నాటి చిత్రంలో బోరిస్ కార్లాఫ్ పోషించిన ఆ జీవికి మిగిలినవి మూలుగులు, గర్జనలు మాత్రమే. పైగా దానికి పొరపాటున ఒక నేరస్థుడి మెదడు అమర్చినట్టు చూపడంతో, సమాజం వెలివేయడం వల్ల పుట్టిన క్రూరత్వం పుట్టుకతో వచ్చినదిగా మారిపోయింది. నింద అంతా సినిమాదే అనడం కూడా న్యాయం కాదు. 1823లోనే లండన్ రంగస్థలం ఆ జీవిని మూగదాన్ని చేసింది.

ప్రశ్న: అయితే నవలను ఉన్నదున్నట్టుగా తీయడమే ఉత్తమమంటారా? — మరొక పాఠకుడు

జవాబు: అనను. ‘మాయాబజార్’ (1957) శశిరేఖ వ్యాసభారతంలో లేదు. జానపద కథల నుంచి, నాటకాల నుంచి తెరకెక్కింది. ఆ మార్పును తప్పుపట్టే తెలుగువాడు నాకింతవరకు తారసపడలేదు. కాకపోతే ఆ చిత్రం చూసి భారతం తెరిచేవారు ఆమె కోసం వెతకడం మాత్రం వృథా శ్రమ: వ్యాసుడి అభిమన్యుడు పెళ్లాడినది విరాటరాజు కుమార్తె ఉత్తరను.