సూది వేస్తే తగ్గుతుంది, మళ్లీ జ్వరం వస్తుంది: గేదె కడుపులో తీగ ఉందేమో!

ప్రశ్న: మా ముర్రా గేదె ఏడు నెలల చూడి. రెండు వారాలుగా మేత సరిగా తినడం లేదు. పాలు 5 లీటర్ల నుంచి 2 లీటర్లకు పడిపోయాయి. సూది వేయిస్తే జ్వరం తగ్గి, నాలుగు రోజులకే మళ్లీ వస్తోంది. వీపు వంచి నిలబడుతోంది, పడుకునేటప్పుడు మూలుగుతోంది. నెల కిందట కొట్టం పక్కనే స్లాబు పని జరిగింది. ఏం చేయాలి?
– ఒక రైతు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: స్లాబు పని సంగతి రాసి మంచి పని చేశారు. నా అనుమానం అక్కడే ఉంది.

గేదె మేతను నాలుకతో లాక్కుని, అంతగా నమలకుండానే మింగేస్తుంది. గడ్డిలో బైండింగ్ వైరు ముక్కో మేకో కలిస్తే వేరు చేసుకోలేదు. ఆ ఇనుము రెండో కడుపులో, అంటే తేనెపట్టులా గదులుండే సంచిలో చేరుతుంది. సంచి ముడుచుకున్నప్పుడల్లా మొన గోడలోకి దిగుతుంది. చూడి పెరిగేకొద్దీ కడుపులో ఒత్తిడి పెరిగి ఇంకా లోతుకు పోతుంది. ముందుకు పోతే గుండెకు, కుడివైపు పోతే కాలేయానికి తగులుతుంది. దాంతో పాటు వెళ్లిన క్రిములు కాలేయంలో చీముగడ్డ కట్టిస్తాయి. గడ్డ చుట్టూ గట్టి పొర ఏర్పడటంతో మందు లోపలికి సరిగా చేరదు. మీ గేదెకు జ్వరం తిరగబెట్టడానికి ఇదే కారణం కావచ్చు. కాబట్టి అదే సూది మరోసారి వేయించి చూద్దామని రోజులు గడపకండి.

కాలేయంలో చీముగడ్డకు ఇంకో దారి కూడా ఉంది. బియ్యం, నూకలు ఎక్కువగా తిని కడుపు పులిసినా రావచ్చు. అలా జరిగి ఉంటే డాక్టరుకు చెప్పండి.

పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి పిలిపించండి. రక్త పరీక్ష, స్కానింగ్, ఎక్స్‌రే అవసరమంటే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈనే సమయం దగ్గర పడకముందే తేలాలి. తీగ ఇంకా కడుపులోనే ఉంటే ఆపరేషన్ చేసి తీయవచ్చు. గంగడోలు కింద నీరు దిగి, మెడ నరం తాడులా ఉబ్బితే మాత్రం గుండెకు చేరినట్టే. అప్పుడు బతికే ఆశ తక్కువ, ఈ మాట దాచలేను.

అందాకా ముందుకాళ్లు జానెడు ఎత్తులో ఉండేలా నిలబెట్టి, కదలకుండా కట్టేయండి. ఉబ్బరమని నూనెలు, కషాయాలు గొట్టంతో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే అదో ప్రమాదం. డాక్టరు చెప్పేదాకా పాలు ఎవరికీ పోయకండి.

చాలామంది అయస్కాంతం మింగిస్తే చాలు అనుకుంటారు. కడుపులో ఉన్న ఇనుమును అది పట్టి ఉంచుతుంది గానీ, కాలేయంలోకి పోయినదాన్ని వెనక్కి లాగలేదు. రాగి, అల్యూమినియం తీగలను అసలే పట్టుకోదు. మీ మిగతా పశువులకు మాత్రం పనికొస్తుంది, ఒక్కోదానికి ఒకటి చొప్పున డాక్టరుతోనే వేయించండి. స్లాబు పని జరిగిన చోట గడ్డివామి ఉంటే, ఆ గడ్డిని దులిపి చూశాకే వాటికి వేయండి.