మీ అన్నయ్యకు సమాధానం చెప్పాల్సింది మీ అబ్బాయి కాదు

ప్రశ్న: మావారు పోయాక మా అన్నయ్యే నా కొడుకును చదివించాడు. అబ్బాయికి 26 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మెత్తని గొంతు, చేతులు తిప్పుతూ మాట్లాడతాడు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాడు. అన్నయ్య తన కూతురినిస్తానంటూనే ‘వీడు గే ఏమో, పరీక్ష చేయించు’ అంటున్నాడు. సంక్రాంతికి అందరి ముందూ వాడిని అటూ ఇటూ నడిపించి చూశాడు. వాడు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఫోనెత్తడం లేదు. గుర్తుపట్టే లక్షణాలు ఉంటాయా? పరీక్ష ఎక్కడ చేస్తారు? – ఒక తల్లి, తణుకు

జవాబు: లక్షణాలు లేవు, పరీక్షా లేదు. ఎవరి మనసు ఎవరి మీదకు పోతుందో ఏ రక్తపరీక్షా, ఏ స్కానింగూ చెప్పలేదు. నడకా గొంతూ అసలే చెప్పలేవు. మీసం మెలేసి, కబడ్డీ ఆడే మగవాళ్లలోనూ స్వలింగ ఆకర్షణ ఉన్నవారుంటారు. సుకుమారంగా మాట్లాడేవారిలో చాలామంది ఆడవాళ్లనే ఇష్టపడతారు. ఇక కూచిపూడి అంటారా? వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ తిప్పుతూ నడిచొస్తే ఊళ్లకు ఊళ్లు తరలివచ్చాయి, ప్రభుత్వం 1970లో పద్మశ్రీ ఇచ్చింది. మనం తరతరాలుగా చప్పట్లు కొట్టిన విద్య మీ ఇంట్లో మాత్రం అనుమానానికి సాక్ష్యమైంది.

ఒకవేళ మీ అబ్బాయి గే అయినా అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. నేరమూ కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. ‘మారుస్తాం’ అంటూ చేసే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అలాంటి హామీ ఇచ్చే డాక్టరు గడప తొక్కకండి.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది వేరే విషయం. పెళ్లీడుకొచ్చిన కొడుకును పశువుల సంతలో ఎద్దులా నడిపించి చూస్తుంటే మీరు ఏం చేశారో రాయలేదు. ఏమీ అనలేదనే అనుకుంటున్నాను. అన్నయ్య ఫీజులు కట్టాడన్న కృతజ్ఞత మీ నోరు నొక్కేసింది. అమ్మా, ఆ రుణం మీది. డబ్బుగా తీర్చండి, అన్నయ్యకు కష్టమొచ్చినప్పుడు అండగా నిలబడి తీర్చండి. కొడుకు పరువుతో చెల్లువేసే హక్కు మీకు లేదు. తండ్రి లేని పిల్లవాడికి ఆ రోజు పందిట్లో మీరు తప్ప ఎవరున్నారు?

అన్నయ్య దగ్గరికి మీరే వెళ్లండి. చదివించినందుకు దణ్ణం పెట్టండి. నా కొడుకు గురించి ఇంకెప్పుడూ అలా మాట్లాడొద్దని అదే నోటితో చెప్పండి. నాలుగు రోజులు అలుగుతాడు, అలగనివ్వండి.

అబ్బాయి ఫోనెత్తకపోతే హైదరాబాద్ బస్సెక్కండి. ఆ రోజు నోరు మెదపనందుకు క్షమించమని అడగండి. ‘నిజం చెప్పరా’ అని మాత్రం అడగకండి, ఫోను వెతకకండి. తనంతట తాను చెబితే వినండి. చెప్పకపోతే అది అతని ఇష్టం.

మేనకోడలి మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? ఇద్దరిలో ఎవరినీ అడగకుండా నడుస్తున్న ఈ సంబంధం మాట ఈ వారంలోనే ఆపేయండి. కారణం అబ్బాయి మీదకు నెట్టకుండా, నాకే ఇష్టం లేదని మీరే చెప్పండి.