ఇంట్లో పెట్టించిన పట్టుగుడ్లు ఎందుకు పగల్లేదు?

ప్రశ్న: సార్, బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలొచ్చే పట్టుపురుగు) పంటలో గట్టి పట్టుగూళ్లు నలభై పక్కన పెట్టి, చిలుకలు (రెక్కల పురుగులు) బయటికొచ్చాక కాగితం మీద గుడ్లు పెట్టించాను. మొదట పసుపుగా ఉన్నవి మూడు రోజులకు బూడిద రంగుకు తిరిగాయి. నెల దాటినా ఒక్క పురుగూ రాలేదు. పక్క తోటాయన తెచ్చిన సీబీ (క్రాస్ బ్రీడ్, అంటే సంకరజాతి) గుడ్లు మాత్రం పది రోజులకే పగిలాయి. నావి చెడిపోయాయా? ఫ్రిజ్‌లో పెడితే లేస్తాయా?
– ఒక రైతు, మడకశిర, ఉమ్మడి అనంతపురం జిల్లా

జవాబు: చెడిపోలేదు. మగచిలుకతో కలవని గుడ్డయితే పసుపుగానే ఉండి, ఎండి అణిగిపోతుంది. మీవి రంగు తిరిగాయంటే లోపల పిండం ఉన్నట్టే. భూతద్దంతో చూడండి, నడుమ చిన్న గుంట కనిపిస్తుంది. దానికి టెన్షన్ పడొద్దు, మామూలే. గుడ్లు నిద్రలో ఉన్నాయి. సుప్తావస్థ అంటాం.

ఆ నిద్ర తల్లి పెట్టింది. గూటిలో ప్యూపాగా ఉన్నప్పుడే తల్లి తలలో, గొంతు కింద ఉండే చిన్న నాడీ ముడి నుంచి ఒక హార్మోను రక్తంలో కలుస్తుంది. దాంతో తయారవుతున్న గుడ్లలోకి గ్లైకోజెన్ అనే నిల్వ ఆహారం ఎక్కువగా చేరుతుంది. గుడ్డు పెట్టాక అది సార్బిటాల్ అనే చక్కెరలాంటి పదార్థంగా మారుతుంది, పిండం ఎదగడం ఆగిపోతుంది. జపాన్‌లో హసెగావా, ఫుకుదా 1951లో ఎవరికి వారు చేసిన ప్రయోగాల్లో ఈ ముడి సంగతి బయటపడింది.

ఇంకో వింత ఉంది. తల్లి తాను గుడ్డుగా ఉన్న రోజుల్లో 25 డిగ్రీల వేడి, వెలుతురు తగిలితే, పెద్దయ్యాక నిద్రపోయే గుడ్లు పెడుతుంది. 15 డిగ్రీల చలిలో, చీకట్లో పొదిగితే వెంటనే పగిలేవి పెడుతుంది. ఇన్నేళ్లుగా చెబుతున్నా నాకే ఇది ఆశ్చర్యం.

మీ పక్కాయన సీబీ గుడ్లకు తల్లి నిద్రపోని గుడ్లు పెట్టే మైసూరు జాతి, తండ్రి మాత్రమే బైవోల్టిన్. నిద్ర తల్లి వైపు నుంచి రావాలి కాబట్టి అవి ఆగవు. మీరు కొనే బైవోల్టిన్ గుడ్లు నిజానికి నిద్రపోయేవే. పెట్టిన 20 గంటల ప్రాంతంలో గ్రైనేజ్‌లో (గుడ్లు తయారుచేసే కేంద్రంలో) 46 డిగ్రీల వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఐదు నిమిషాలు ముంచి, కడిగి ఇస్తారు. మీ గుడ్లకు ఆ గడువు దాటిపోయింది. దయచేసి ఇంట్లో యాసిడ్ జోలికి వెళ్లకండి.

ఇక ఫ్రిజ్ సంగతి. 5 డిగ్రీల చలి నెలల తరబడి అందితే సార్బిటాల్ తిరిగి గ్లైకోజెన్ అయి గుడ్డు లేస్తుంది. మడకశిర చలి అందుకు చాలదు. ఇంటి ఫ్రిజ్‌లో అదృష్టం బాగుండి లేచినా, ఆ పురుగుల్ని మేపొద్దంటాను. మీవి లాంటి హైబ్రిడ్ (రెండు జాతులు కలిపిన) గూళ్ల పిల్లలు ఒక తీరుగా పెరగవు, కొన్ని గూళ్లు గట్టిగా, కొన్ని పలచగా వస్తాయి. అంతకంటే భయం పెబ్రిన్ అనే రోగం. తల్లికుంటే గుడ్డులోనే పిల్లకు దిగుతుంది. గ్రైనేజ్‌లో తల్లి చిలుకను నలిపి మైక్రోస్కోప్‌లో చూసేది అందుకే. మీ చిలుకల్ని ఎవరూ చూడలేదు కదా.

గుడ్ల కాగితం కాల్చేయండి. చిలుకలు తిరిగిన తట్టలు, గది 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లతో బాగా తడిసేలా కడగండి. వచ్చే పంటకు పరీక్షించిన గుడ్లుగానీ, చాకీ పురుగులు (చిన్న దశ వరకు పెంచి ఇచ్చేవి) గానీ తెచ్చుకోండి.