మాజీ మంత్రిపై అక్రమాస్తుల కేసు పడితే, ఏ పదవీ లేని కుటుంబ సభ్యులనూ నిందితులుగా చేర్చవచ్చా?

చేర్చవచ్చు. బంధువైనంత మాత్రాన కాదు. లంచం సొమ్మని తెలిసీ ఆస్తిని తమ పేరిట ఉంచుకుంటే అది నేరానికి సహకరించడమేనని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది. జయలలిత కేసు చూడండి. 2016 డిసెంబరులో ఆమె చనిపోవడంతో ఆమెపై కేసు ముగిసింది. అయినా ఏ ప్రభుత్వ పదవీ లేని ఆమె సన్నిహితురాలు శశికళకు, శశికళ బంధువులు ఇళవరసి, సుధాకరన్‌లకు 2017 ఫిబ్రవరిలో నాలుగేళ్ల జైలు, తలా 10 కోట్ల జరిమానా ఖాయమయ్యాయి.

మన దగ్గరైనా అంతే. హన్మకొండలో ప్లాటు కోడలి పేరిట ఉంటే, కొన్న డబ్బు ఎక్కడిదన్నదే అసలు ప్రశ్న. ఆమెకు సొంత జీతం, లోన్ కాగితాలు ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం నాకు బాధ కలిగిస్తుంది: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత, పదవిలో ఉండగా చేసిన నేరానికి, దిగిపోయినవారిపైనా కోర్టు కేసు చేపట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి.